యంత్రం పాతబడిందని నిర్ణయించేది ఎవరు?

కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చాలా వద్దా అన్నది నైతిక సమస్య ఎట్లా అవుతుందని ఈ పత్రిక పాఠకులు కొందరు ప్రశ్నించవచ్చు. అది దుకాణంలో తేలవలసిన వ్యవహారమనీ, విమర్శ వ్యాసాల నడుమ దానికి చోటు లేదనీ అనవచ్చు. మగ్గమూ నాగలీ అచ్చుయంత్రమూ మన చర్చకు అర్హమైనప్పుడు కంప్యూటరు మాత్రం కాకపోవడానికి నాకు కారణం కనిపించదు. మనిషి తన శ్రమను ఏ పనిముట్టులో దాచుకుంటున్నాడో ఆ పనిముట్టు మీద అతనికి ఏపాటి అధికారం ఉన్నదన్నది ఏ కాలంలోనైనా నైతిక ప్రశ్నే.

ముందు విషయమేమిటో స్పష్టం చేసుకుందాం. మనం కొట్టిన అక్షరాన్ని భద్రపరచడం మొదలు దాన్ని ముద్రణకు పంపడం దాకా కంప్యూటరు చేసే సమస్త కార్యాలనూ నడిపించే మూల వ్యవస్థ ఆపరేటింగ్ సిస్టమ్. మన దేశంలో బల్లల మీద కనిపించే కంప్యూటర్లలో ఎక్కువ భాగం మైక్రోసాఫ్ట్ వారి విండోస్‌తో నడుస్తాయి. 2015 జూలైలో విడుదలైన విండోస్ 10కి ఆ సంస్థ 2025 అక్టోబరు 14తో మద్దతు ముగించింది. ఆ తేదీతో యంత్రం ఆగిపోదు. కాని అందులో బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతు రావడం ఆగిపోతుంది. వ్యక్తిగతంగా వాడుకునేవారికి 2026 అక్టోబరు దాకా పొడిగింపు ప్రకటించారు. అందుకు 30 డాలర్లు చెల్లించాలి, లేదా సంస్థవారి ఖాతాలో చేరి యంత్రపు అమరికలను వారివద్ద నిలవ చేయాలి. ఇటువంటి ఒకటి రెండు షరతులమీదనే ఆ పొడిగింపు.

పోనీ, 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కు మారుదామంటే అది అన్ని యంత్రాలనూ అంగీకరించదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ప్రాసెసరు సంస్థ ప్రకటించిన జాబితాలో ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో స్థూలంగా 2017లో వచ్చిన ఎనిమిదో తరం నుంచే ఆ జాబితా మొదలవుతుంది. అంతకు ముందు ఏడాది కొన్న యంత్రం ఎంత చక్కగా పనిచేస్తున్నా లెక్కలోకి రాదు.

నేను పనిచేసే కళాశాల తెలుగు శాఖలో 2016లో కొన్న కంప్యూటరు ఒకటి ఉంది. ఇన్నేళ్లుగా విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలూ ప్రశ్నపత్రాలూ ప్రత్యేక సంచికలూ దానిమీదనే తయారయ్యాయి. దానికి జబ్బేమీ లేదు. దాన్ని ఏం చేయాలన్న చర్చ వచ్చినప్పుడు మూడు మార్గాలు ముందుకు వచ్చాయి. మొదటిది, దాన్ని పనికిరానిదిగా తీర్మానించి కొత్తది కొనడం. రెండవది, ఏమీ మార్చకుండా ఉన్నదాన్నే వాడుకోవడం. మూడవది, ఆ యంత్రంలోనే లైనక్స్ వంటి స్వేచ్ఛా వ్యవస్థను నెలకొల్పడం. మొదటిదానికి అభ్యుదయమనీ, రెండవదానికి పొదుపు అనీ, మూడవదానికి ఛాందసమనీ పేర్లు పెట్టారు. ఈ పేర్లు పరీక్షకు నిలుస్తాయా అన్నదే ఈ వ్యాసంలో నేను విచారించదలచిన విషయం.

పొదుపు అనే మాటను ముందు చూద్దాం. దాని వెనుక ఒక వాదం ఉన్నది. "యంత్రం నాది, ఇష్టం నాది. నేను మార్చకపోతే ఎవరికి నష్టం?" అన్నది ఆ వాదం. యంత్రం ఏకాంతంగా ఉన్నంత కాలం ఇది సమంజసమే. కాని ఇంటర్నెట్‌తో ముడిపడిన యంత్రం ఏకాంతంగా ఉండదు.

2017 మే 12న వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా వ్యాపించింది. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోకి చొరబడి, వాటిలోని ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు ఇస్తేనే తీస్తానని బెదిరించింది. బ్రిటన్ ప్రజారోగ్య వ్యవస్థలో వేల మంది రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన చిత్తూరు జిల్లాతో సహా ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం పరిపాలనా విభాగాలలోని కంప్యూటర్లు కొన్ని దాని వాత పడినట్లు ఆ నెలలోనే పత్రికలు రాశాయి.

ఈ ఘటనలో మనం గమనించవలసిన అంశాలు రెండున్నాయి. ఆ లోపానికి మరమ్మతు 2017 మార్చి 14 నాటికే విడుదలైంది. దాడికి గురైన యంత్రాలలో అత్యధికం అప్పటికింకా మద్దతు ఉన్న విండోస్ 7 యంత్రాలే. అంటే మందు చేతిలో ఉండి కూడా వేసుకోనివారు తాము జబ్బుపడి పక్కవారికి అంటించారు. ఇది మొదటి అంశం. అసలు ఆ లోపాన్ని ముందుగా కనిపెట్టినది అమెరికా జాతీయ భద్రతా సంస్థ. కనిపెట్టి లోకానికి చెప్పలేదు. తన గూఢచర్యం కోసం ఆయుధంగా దాచుకున్నది. ఆ ఆయుధం 2017 ఏప్రిల్‌లో బయటికి పొక్కింది. ఇది రెండవది. కనుక సామాన్యుని ఏమరుపాటును మాత్రమే నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. అయినప్పటికీ మొదటి అంశం మన బాధ్యతను తుడిచిపెట్టదు.

చిత్తూరు జిల్లా చెరువుల సీమ. చెరువు కట్టలనూ కాలువలనూ రైతులందరూ కలిసి బాగుచేసుకునే ఆచారానికి పూర్వం కుడిమరామతు అని పేరు. గండి నా పొలం గట్టున పడింది కనుక పూడ్చడమూ మానడమూ నా ఇష్టం అనే రైతును ఏ ఊరూ ఒప్పుకోదు. అందరి నీరూ ఆ గండిలోంచే పోతుంది. ఇంటర్నెట్‌కు తగిలించిన కంప్యూటరులో లోపాన్ని మరమ్మతు చేయకుండా వదలడం అటువంటిదే. అందుచేత రెండవ మార్గం పొదుపు కాదు. మన ఖర్చును ఇరుగుపొరుగు ఖాతాలో వేయడం.

ఇంతవరకు అంగీకరిస్తే, కొత్తది కొనడమే ధర్మమని మొదటి పక్షంవారు విజయం ప్రకటిస్తారు. ఇక్కడే మెలకువ అవసరం. మరమ్మతు వేరు, మార్పిడి వేరు. లోపాన్ని పూడ్చడం మరమ్మతు. వాడకందార్లు దాన్ని అప్‌డేట్ అంటారు. వ్యవస్థనే మార్చి, దానికోసం యంత్రాన్ని కూడా మార్చడం మార్పిడి, అది అప్‌గ్రేడ్. నైతికంగా మనను కట్టివేసేది మొదటిది. వ్యాపారం ఈ రెండింటినీ ఒకే పొట్లంలో కట్టి, మరమ్మతు కావాలంటే మార్పిడికి ఒప్పుకోక తప్పదంటుంది. మన బాధ్యతాభావాన్నే అది తన సరుకుకు గిరాకీగా మార్చుకుంటుంది.

యంత్రానికి రెండు రకాల అరుగుదల ఉంటుందని మార్క్స్ 1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో వివరించాడు. వాడడం చేతనూ, వాడక మూలపడడం చేతనూ అరిగేది భౌతికమైన అరుగుదల. అంతకన్న మెరుగైన యంత్రమో చవుకైన యంత్రమో వచ్చినందువలన ఉన్న యంత్రం విలువ పడిపోవడం రెండవది. దీన్ని ఆయన నైతికమైన అరుగుదల అన్నాడు. ఆయన చూసిన కాలంలో ఈ రెండవ అరుగుదల పోటీ ఫలితం. ఒక మిల్లు యజమాని కొత్త మగ్గం తెస్తే పక్క మిల్లులోని మగ్గం విలువ తగ్గేది. ఆ నష్టాన్ని ఎవరూ తేదీ వేసి ప్రకటించలేదు. మన కాలంలో వచ్చిన విశేషం ఏమిటంటే, యంత్రం ఎన్నడు పాతబడాలో దాన్ని నడిపించే వ్యవస్థను అమ్మిన సంస్థే నిర్ణయించి, ఆ తేదీని ముందుగా ముద్రించి ఇస్తుంది. అరుగుదల కూడా ఆజ్ఞాపత్రమైంది.

ఇది చెప్పగానే నన్ను యంత్రవిరోధిగా భావించవద్దని మనవి. ఇంగ్లండులో 1811 నుంచి లుడ్డైట్లు మగ్గాలను బద్దలుకొట్టిన చరిత్ర మన విద్యార్థులకు తెలిసినదే. యంత్రానికీ, దాన్ని పెట్టుబడి వాడుకునే తీరుకూ భేదం తెలుసుకోవడానికి కార్మికులకు కాలమూ అనుభవమూ పట్టాయని మార్క్స్ ఆ సందర్భంలోనే గుర్తించాడు. టీపీఎం చిప్పు వలన భద్రత పెరుగుతుందన్న వాదాన్ని నేను తోసివేయడం లేదు. కొత్తది మెరుగైనదే కావచ్చు. మెరుగైనది రావడం అభ్యుదయం. వచ్చినదాన్ని ఎంచుకునే వీలు జనానికి ఉండడం కూడా అభ్యుదయంలో భాగమే. రెండవది లేనప్పుడు మొదటిది వట్టి అమ్మకం.

దీనికి దృష్టాంతం కోసం దూరం పోనక్కరలేదు. నేనుండే అలిపిరి తిరుమల మెట్లదారికి మొదలు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. 1974లో రెండవది వచ్చింది. ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి. మోకాళ్ల నొప్పులవారికీ, పసిబిడ్డల తల్లులకూ, కాలవ్యవధి లేనివారికీ ఆ రోడ్లు చేసిన మేలు ఇంతా అంతా కాదు. అయితే రోడ్డు వేశారని మెట్లదారిని మూసివేయలేదు. మూడు వేల అయిదు వందలకు పైగా ఉన్న ఆ మెట్లకు మరమ్మతులు చేస్తూ, పైన కప్పు వేసి, దీపాలు పెట్టి ఉంచారు. బస్సు ఎక్కనివారిని వెనుకబడినవారని ఎవరూ అనరు. కొత్త మార్గం తెరుచుకుని పాత మార్గమూ నిలిచినప్పుడే మనిషి చేసినదానికి ఎంపిక అనే మాట వర్తిస్తుంది. ఫలానా తేదీ నుంచి మెట్లు బాగుచేయం, కూలితే మీదే బాధ్యత, 2017 తర్వాత కొన్న బండి ఉన్నవారే రోడ్డెక్కండి అంటే దాన్ని అభ్యుదయమని ఎవరైనా అంటారా?

అలిపిరి వైపు పోయే రోడ్డు పక్కన దర్శనం టికెట్లూ ఉద్యోగపు దరఖాస్తులూ నింపిపెట్టే నెట్ సెంటర్లున్నాయి, డీటీపీ దుకాణాలున్నాయి. వాటిలో ఒకదానికి మా సంచికల పనిమీద నేను తరచు పోతుంటాను. అక్కడి ఆపరేటరు ఇరవై ఏళ్లుగా పెళ్లిపత్రికలూ కరపత్రాలూ కవితా సంపుటాలూ పేజ్‌మేకర్‌లో, అను అక్షరాలతో కూర్చుతున్నాడు. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 2001లో వచ్చింది. తరువాత దాన్ని తయారీదార్లే వదిలేశారు. సిస్టమ్ మార్చరాదా అని నేనడిగితే అతడు అన్నాడు: "మార్చేదానికేం సార్, మారస్తా. ఇరవై ఏండ్ల పని ఈ మిషన్లోనే వుండాది. రేపు అది తెరుచుకోకపోతే ఎవురు జవాబుదారీ?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా అతనికి నీతి బోధించే హక్కు మనకు లేదు. సమస్య స్వరూపం ఇది. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరానికి తనదైన సంఖ్య లేదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యల మీదనే తెలుగు రూపాలను అతికించారు. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే తెలుగు కవిత అర్థంలేని రోమను అక్షరాల కుప్పగా కనిపిస్తుంది. 1991లోనే యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు ప్రత్యేక స్థానం లభించినా, అచ్చు పనిలో పాత పద్ధతి చాలాకాలం కొనసాగింది. ఆ పద్ధతి చేతులకు అలవాటైంది. ప్రెస్సులు దానినే అడిగాయి. ఆ విధంగా రెండు మూడు దశాబ్దాల తెలుగు రచనలో పెద్ద భాగం ఒక ఫాంటుకూ, ఒక ప్రోగ్రాముకూ, అవి నడిచే ఒక సిస్టమ్‌కూ తాకట్టుపడి ఉన్నది.

దీన్ని మన కొండమీదే జరిగిన మరో చరిత్రతో పోల్చి చూడండి. అన్నమాచార్యులు 1503లో మరణించాడు. అతని కుమారుడు పెద తిరుమలాచార్యుని కాలంలో సంకీర్తనలను రాగిరేకులమీద చెక్కించారు. ఆ రేకులు ఆలయంలోని ఒక అరలో శతాబ్దాలపాటు ఎవరికీ పట్టకుండా పడి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి మొదలైన పండితుల కృషితో అవి వెలుగులోకి వచ్చి అచ్చయ్యాయి. అన్ని శతాబ్దాల తరువాత కూడా వాటిని చదవగలగడానికి కారణం రాగి గట్టిదనం ఒక్కటే కాదు. ఆ లిపి ఎవరి సొత్తూ కాదు. అక్షరం చదవడానికి చెక్కినవాని అనుమతి అక్కరలేదు. రాతను మోసే వస్తువు పాతబడవచ్చు. రాతలోని సంకేతం ఒకరి గుప్పిట్లో ఉండరాదు. 2005లో కూర్చిన కవితా సంపుటం ఇరవై ఏళ్లకే తెరుచుకోదేమోనని భయపడవలసిన స్థితి ఆ రాగిరేకుల ఊళ్లోనే ఉన్నదంటే ఆలోచించవలసిన విషయం కాదా?

ఇక పారవేసిన యంత్రం ఎక్కడికి పోతుంది? తీర్మానం రాసినవారి కంటికి అది కనబడకుండా పోతుంది, అంతే. ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్ల పాత కంప్యూటర్లను చేతులతో విప్పి, తీగలు కాల్చి, ఆమ్లాలలో ముంచి లోహాలు తీసే కూలీలున్నారు. సీసం వంటి విషపదార్థాల మధ్య వారి రోజు గడుస్తుంది. మన గదిలో అరగని యంత్రాన్ని అరిగినట్లు తీర్మానించినప్పుడు ఆ అరుగుదల వారి ఊపిరితిత్తుల మీద పడుతుంది. మొదటి మార్గానికి అభ్యుదయమనే పేరు తగదనడానికి ఇది మరొక కారణం.

ఇక్కడొక ఆక్షేపణకు న్యాయంగా సమాధానం చెప్పాలి. ఏ సంస్థ అయినా తన పాత సరుకును కలకాలం మరమ్మతు చేస్తూ కూర్చోగలదా? మరమ్మతు కూడా శ్రమే కదా! నిజమే. లోపాలను వెదికి పూడ్చే ఇంజనీరు కూడా జీతం మీద బతికే మనిషే. ఆ శ్రమ ఉచితంగా రావాలని కోరడం అభ్యుదయవాదులకు తగదు. నేను కోరేది అది కాదు. బాగుచేయడం మానుకున్నవాడు బాగుచేయగల ఇతరులను అడ్డగించరాదన్నదే నా వాదం. విండోస్ మూల సంకేతం సంస్థ చేతిలో రహస్యంగా ఉన్నది. తాను మరమ్మతు చేయనంటుంది. ఇతరులు చేసే వీలూ ఇవ్వదు. ఇల్లు వదిలి పోయేవాడు తాళంచెవి ఇచ్చి పోవాలి. ఇంత చిన్న న్యాయాన్ని చట్టంగా అడగడానికి మనం సంకోచించనక్కరలేదు.

ఈ దృష్టితో చూస్తే ఛాందసమనిపించుకున్న మూడవ మార్గం వేరుగా కనిపిస్తుంది. 1983లో రిచర్డ్ స్టాల్మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక, 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ కలిసి ఏర్పడిన వ్యవస్థలో మూల సంకేతం బహిరంగం. దాన్ని చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. పాత యంత్రాలకు సరిపడే రూపాలు అందులో ఉన్నాయి. వాటికి భద్రతా మరమ్మతులూ అందుతున్నాయి. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో కనిపించే వ్యవస్థను రూపొందించింది. కేరళ ప్రభుత్వం బడి కంప్యూటర్లలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రవేశపెట్టి, రెండు లక్షలకు పైగా యంత్రాలకు తన సొంత లైనక్స్ రూపాన్ని 2019లో విడుదల చేసింది. ఊహాలోకపు సంగతి కాదిది. మన దేశంలోని ఒక రాష్ట్రపు పాఠశాలల్లో నడిచిన పని.

అయితే దీన్ని సర్వరోగ నివారిణిగా చిత్రించడం కూడా పొరపాటే. లైనక్స్ మీద పెద్ద పెద్ద సంస్థలు కూడా కోట్లు గడిస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నది దాని కెర్నెలే. అయినా ఆ ఫోన్లు కొద్ది ఏళ్లకే మరమ్మతులు లేక మూలపడుతున్నాయి. సంకేతం బహిరంగం కావడం అవసరమే గాని, అదొక్కటే చాలదు. దాన్ని నేర్చుకునే తీరికా, నేర్పే మనుషులూ కావాలి. అలిపిరి ఆపరేటరుకు ఆ తీరిక లేదు. ఒక పూట మిషను ఆగితే ఆ పూట కూలి ఆగుతుంది. మనకు నెల జీతం ఉన్నది, గ్రంథాలయం ఉన్నది, ప్రయోగశాల ఉన్నది, చురుకైన విద్యార్థులున్నారు. కనుక మారవలసిన బాధ్యత ఇద్దరి మీదా ఒకే బరువుతో పడదు. పూర్వపు కుడిమరామతులో ఒక అన్యాయం ఉండేది. చెరువు అందరిదే అయినా కట్టమీద మట్టి మోసేది నిమ్నకులాల కూలీలు; నీరు ఎక్కువ పారేది పెద్ద కమతాలకు. ఉమ్మడి బాధ్యత అనే మంచి మాట కింద ఆ పాత పంపకాన్ని మనం మళ్లీ తీసుకురాకూడదు. శక్తి ఉన్నవాడు ముందు పార పట్టాలి.

అందుచేత మా శాఖలో నేను ప్రతిపాదించినది ఇది. యంత్రాన్ని పారవేయవద్దు, ఉన్న స్థితిలో ఇంటర్నెట్‌కు తగిలించి ఉంచనూ వద్దు. అందులోని ఫైళ్లన్నిటికీ వేరుగా ప్రతులు తీసి, లైనక్స్ నెలకొల్పి, విద్యార్థులకు దానిమీదనే తెలుగు టైపు నేర్పుదాం. ఇకముందు మా రచనలన్నీ యూనికోడ్‌లోనే ఉంచుదాం. అలిపిరి ఆపరేటరు తన పాత మిషనును మార్చనక్కరలేదు. ఇంటర్నెట్ తీగ పీకి దాన్ని కేవలం అచ్చుకూర్పు యంత్రంగా ఉంచుకోవచ్చు. అతని వద్ద ఉన్న పాత సంపుటాలను రచయితల అనుమతితో యూనికోడ్‌లోకి మార్చే పని మన విద్యార్థులు చేపట్టాలి. మార్పిడికి ప్రోగ్రాములున్నాయి, అవి చేసే తప్పులు దిద్దడానికి తెలుగు చదివినవారు కావాలి. తెలుగు శాఖలు చేయదగిన పని ఇంతకన్న ఏమున్నది? ఆ శ్రమలో అతనికి కలిగే నష్టాన్ని కళాశాల భరించాలి.

ఈ ప్రతిపాదన మీద సభ్యులలో భిన్నాభిప్రాయాలున్నాయి. పరీక్షల విభాగంవారి ప్రోగ్రాములు కొన్ని విండోస్‌లోనే నడుస్తాయన్న అభ్యంతరం బలమైనదే. ఆ పనికి ఒక కొత్త యంత్రం కొనవలసి రావచ్చు. కొనడం పాపమని నేననడం లేదు. పని అడిగితే కొందాం. తేదీ అడిగిందని కొనవద్దు. ఆ రెండింటికీ భేదం చెప్పగల విద్యార్థి, తన చేతిలోని ఏ పనిముట్టును గురించైనా, దీని ఆయుష్షు ఎవరి చేతిలో ఉన్నదని అడగగలుగుతాడు. మన తరగతి గదులలో ఆ ప్రశ్న వినిపించడం మొదలుకావాలి.